బర్ఫీ వీపు మీద కాటుక

"నీ కుందేలు నా చున్నీ తింటున్నది, సూస్తున్నవా?"

"నా కుందేలు కాదు, కాలేజీది. చున్నీ మాత్రం నీదే. జర పక్కకు తీస్కో."

ఫైనలియర్‌కి వచ్చాక గానీ స్వరూప, గోవర్ధన్ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. అవే ఆ మొదటి మాటలు. సూర్యాపేటలోని ఆ డిగ్రీ కాలేజీలో స్వరూపది ముందు బెంచీ, గోవర్ధన్‌ది కిటికీ పక్కన చివరి బెంచీ. ఆమె క్లాస్ ఫస్ట్. అతను చివ్వెంల దగ్గరి ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్ళేవాడు. ఆ రోజు మాత్రం చేతిలో వెదురు బుట్ట, బుట్టలో తెల్లటి కుందేలు, దాని నోట్లో స్వరూప గులాబీ చున్నీ.

మాడుగులపల్లి దగ్గర కుందేళ్ళు పెంచేవాళ్ళ నుంచి దాన్ని తెప్పించింది జువాలజీ చెప్పే జైరాం సార్. ఒళ్ళంతా తెలుపు. చెవులు, ముక్కు, పాదాలు మాత్రం నలుపు.

"దీని చెవిలో ఉన్న జీన్లే వీపులోనూ ఉన్నయి. మరి చెవి నలుపు, వీపు తెలుపు ఎందుకైంది?" అని క్లాసులో అడిగారు సార్. ఎవరూ పలకకపోతే ఆయనే చెప్పారు. "జీన్ ఉండటం వేరు, అది పనికి రావడం వేరు. దీని నల్లరంగు జీన్ తయారుచేసే ఎంజైమ్ చల్లటి చోటే పనిచేస్తది. చెవులు చల్లగా ఉంటయి కాబట్టి నల్లబడ్డయి. వీపు వెచ్చన, అందుకే తెల్లగున్నది. ఇప్పుడు వీపు మీద ఇంత మేర బొచ్చు తీసి, కొత్త బొచ్చు మొలిచేటప్పుడు ఐసు పెడితే ఏమైతది?"

"నల్లగ మొలుస్తది సార్," అంది స్వరూప.

"సదివి చెప్పినవ్. చేసి చూపించు. డిసెంబర్‌లో మిర్యాలగూడలో సైన్స్ ఫెయిర్ ఉన్నది. నువ్వు, గోవర్ధన్ కలిసి చెయ్యండి. నీ ఇంట్లో ఫ్రిజ్ ఉన్నది, అతనికి జంతువులను పట్టుకోవడం వచ్చు."

అట్లా 2007 అక్టోబర్ చివర్లో కుందేలు స్వరూప ఇంటికి చేరింది. ఆమె దానికి బర్ఫీ అని పేరు పెట్టింది.

రోజూ సాయంత్రం చివరి బస్సుకు ముందు గోవర్ధన్ వచ్చేవాడు. అతను బర్ఫీని ఒళ్ళో పెట్టుకుని నిమిరితే అది కళ్ళు మూసుకునేది. స్వరూప ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి, దాని వీపు మీద బొచ్చు తీసిన చోట కట్టేది. ఆమె పట్టుకోబోతే మాత్రం వెనక కాళ్ళతో తన్నేది.

"నీకు ఫస్ట్ ర్యాంకని దానికెవరూ చెప్పనట్టుంది," అనేవాడు గోవర్ధన్.

"నీకు వెనక బెంచీ అని కూడా చెప్పలేదు. అందుకే నీ మాట వింటుంది," అనేది స్వరూప.

ఒక సాయంత్రం హఠాత్తుగా వాన పడి కరెంటు పోయింది. చీకట్లో ఐసు కరిగి ఇద్దరి చేతుల మీదా కారింది. ఇద్దరూ చేయి తీయలేదు. కరెంటు వచ్చాక ఇద్దరూ ఒకేసారి కుందేలు వంక చూశారు, అదేదో మాట్లాడినట్టు.

మొలుస్తున్న బొచ్చు నిజంగానే నల్లగా కనిపించసాగింది. ఒకసారి ఇంటి దగ్గర గొర్లకు జబ్బు చేసి గోవర్ధన్ రెండు రోజులు రాలేదు. వచ్చాక స్వరూప అతన్ని గట్టిగానే అంది. "ఎక్స్‌పెరిమెంట్ అంటే ఆట కాదు. నీ వల్ల పాడైతే నేనూరుకోను." "నిజమే. ఇగ ఒక్క రోజు గూడ నాగ పెట్ట," అన్నాడతను.

ఆ మాట అన్న వారానికే కోదాడలో మేనమామ కూతురి పెళ్ళి వచ్చింది. ఇంటిల్లిపాదీ వెళ్ళాలి. గోవర్ధన్‌కు చెబితే బుట్ట తీసుకుపోయి ఎక్కడి నుంచైనా ఐసు తెచ్చి కట్టేవాడే. కానీ తాను అంతగా తిట్టిన మనిషినే ఇప్పుడు బతిమాలుకోవాలా అనిపించింది. "ఇంటికి చుట్టాలొస్తున్నరు, ఈ వారం రాకు," అని ఫోన్‌లో చెప్పి, పక్కింటి పుష్పమ్మకు గడ్డి మాత్రం వేయమని అప్పజెప్పి బస్సెక్కింది. ఐసు సంగతి పుష్పమ్మకు చెప్పనే లేదు. చెప్పినా ఎవరికి అర్థమవుతుందిలే అనుకుంది.

వారం దాటాక తిరిగొచ్చి చూస్తే వీపు మీది మచ్చ బూడిద రంగులోకి దిగింది. గబగబా మళ్ళీ ఐసు కట్టడం మొదలుపెట్టింది. బొచ్చు ఇంకా పెరిగింది గానీ పైకి బూడిదగానే కనిపించింది. గోవర్ధన్ చూసి, "ఏమైంది దీనికి?" అన్నాడు.

"కొంచెం టైం పడుతుంది," అంది స్వరూప, అతని ముఖం చూడకుండా.

ఫెయిర్ రోజు పొద్దున అద్దం ముందు నిలబడి కళ్ళకు కాటుక పెట్టుకుంటూ ఆగిపోయింది. కాటుక డబ్బీ తీసుకుని పంజరం దగ్గరికి నడిచింది.

బస్టాండులో బుట్ట మూత తీసి చూసిన గోవర్ధన్ ముఖం వెలిగిపోయింది. "మొన్నటికీ ఇయ్యాల్టికీ ఎంత తేడా. గింత నలుపు ఎట్లొచ్చింది?"

"మా ఇంట్ల లైటు తక్కువ. అందుకే నీకట్ల కనిపించింది."

అతను నమ్మాడు. మిర్యాలగూడ చేరేదాకా బుట్ట ఒళ్ళోంచి దించలేదు. హైదరాబాద్ ల్యాబ్‌లో వేసవి ట్రైనింగ్‌కి జైరాం సార్ తన పేరు పంపుతానన్నారని, ఈ ప్రాజెక్టు చూసే పంపుతున్నారని దారి పొడవునా చెబుతూనే ఉన్నాడు. స్వరూప కిటికీలోంచి వరి మళ్ళను చూస్తూ కూర్చుంది.

వాళ్ళ టేబుల్ దగ్గరికి వచ్చిన జడ్జి తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన. గోవర్ధన్ బర్ఫీని ఎత్తుకుని వివరించసాగాడు. ఆయన ముచ్చటపడి కుందేలును తీసుకున్నారు. కొత్త చేతుల్లో అది గింజుకుంది. దాన్ని దించేసరికి ఆయన చొక్కా మీద జానెడు పొడవున నల్లటి చార పడింది.

ఆయన చార వంక చూసుకున్నారు. జేబురుమాలు తీసి కుందేలు వీపు తుడిచారు. రుమాలు నల్లబడింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా నవ్వారు.

"ఎవరు పూశారు?"

"నేను పూయలే సార్," అన్నాడు గోవర్ధన్. అతని గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది.

"మీ నాన్న ఏం చేస్తాడు?"

"గొర్లు కాస్తడు సార్."

"అదీ సంగతి. గొర్రెలకు రంగు పూసే చెయ్యి. అలవాటు పోలేదు."

ఈసారి నవ్వు హాలు చివరి దాకా పాకింది. గోవర్ధన్ మెల్లగా స్వరూప వైపు తిరిగాడు. ఆమె కుడిచేతి చూపుడువేలి గోరులో నల్లటి గీత ఉంది. అతను అది చూశాడు. అతను చూడటం ఆమె చూసింది. ఒక్క మాట చెబితే చాలు. గొంతు దాకా వచ్చింది. నవ్వుతున్న ముఖాలన్నీ తన వైపు తిరుగుతాయన్న భయంతో ఆమె తలదించుకుని గచ్చు బండలు చూస్తూ నిలబడింది.

అతను కుందేలును బుట్టలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ప్రాజెక్టు రద్దయింది. కాలేజీ పరువు పోయిందని జైరాం సార్ ట్రైనింగ్ నుంచి గోవర్ధన్ పేరు తీసేశారు. అతను కాలేజీకి రావడం మానేశాడు. స్నేహితురాళ్ళు స్వరూప చుట్టూ చేరి, "పాపం, నిన్ను గూడ ముంచిండు గదే," అన్నారు. ఆమె తలూపింది. ఆ తలూపడం నిజానికి కాటుక పూయడం కంటే పెద్ద తప్పని ఆమెకు అప్పుడే తెలుసు. అద్దంలో చూసుకోవడం మానేసింది. "ఎందుకే కళ్ళు బోసిగా ఉన్నాయి? కాటుకైపోయిందా?" అని కోదాడ యాసలో అమ్మ అడిగితే, లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

సోమవారం జువాలజీ క్లాసులో హాజరు పిలుస్తూ సార్ గోవర్ధన్ పేరు దగ్గర ఆగారు. స్వరూప లేచి నిలబడింది.

"సార్, కాటుక పూసింది నేను. గోవర్ధన్‌కు తెల్వదు. మధ్యల ఐసు కట్టుడు మానేసింది గూడ నేనే."

జైరాం సార్ హాజరు పట్టీ మూశారు.

"ఆ రోజు ఎందుకు చెప్పలేదమ్మా?"

"సిగ్గైంది సార్."

"ఇప్పుడు కాలేదా?"

"అయితనే ఉన్నది సార్."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నేనూ అడగకుండనే అతని పేరు కొట్టేసిన. నా సంగతి నేను చూసుకుంట. నువ్వు ముందు అతని దగ్గరికి పో."

మధ్యాహ్నం బస్సుకే వెళ్ళింది. ఇంటి ముందు అతని తల్లి చంద్రమ్మ గొర్రెపిల్లలకు ఆకు వేస్తోంది. "నేను గోవర్ధన్ క్లాస్‌మేట్‌ను," అనగానే, "స్వరూపవా బిడ్డా? వాడు రోజూ నీ ముచ్చటే చెప్పేటోడు," అంటూ మంచం వాల్చి చల్ల తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు చేతిలో నిప్పులా ఉంది స్వరూపకు. ఎవరికోసం చల్ల తెచ్చిందో ఆ తల్లికి తెలియదు.

గోవర్ధన్ దొడ్లోంచి వచ్చాడు. ఆమెను చూసి ఆగాడు. చంద్రమ్మ ఇద్దరి ముఖాలూ చూసి నీళ్ళ బిందె తీసుకుని బయటికి నడిచింది.

"క్లాసులో చెప్పిన. అందరి ముందట," అంది స్వరూప.

"సార్ ఫోన్ చేసిండు."

"తప్పు నాది."

"నన్ను దొంగ అన్నందుకు నాకంత కోపం లేదు, స్వరూపా. మా నాయినను అన్నప్పుడు నువ్వు బండలు లెక్కపెట్టుకుంట నిలవడ్డవ్. అది నేను మరువలేకపోతున్న."

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అతను జాలిపడతాడని ఆపుకుంది. "మరిచిపొమ్మని అడగనీకి రాలే," అంది.

అతను లోపలికి వెళ్ళి తెల్లకాగితం, భూతద్దం తెచ్చాడు. "సబ్బుతో కడిగిన దాన్ని. కొన్ని ఎంటికలు కత్తిరించిన. సూడు."

భూతద్దంలో ఒక్కో వెంట్రుకా కొస దగ్గర నల్లగా ఉంది. మధ్యలో తెల్లగా ఉంది. మొదలు దగ్గర మళ్ళీ నల్లగా ఉంది.

ఆమెకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. కొస మొలిచినప్పుడు ఐసు ఉంది. మధ్యలో లేదు. మళ్ళీ పెట్టాక మళ్ళీ నలుపు. ఒకే వెంట్రుకలో, ఒకే జీన్, చలికి పని చేసి, వెచ్చదనానికి ఆగి, తిరిగి చలికి లేచింది. మొత్తం నల్లబడి ఉంటే ఇంత స్పష్టంగా తెలిసేది కాదు.

"మధ్యల తెలుపు కోదాడ పెండ్లా?" అన్నాడతను.

"నీకెట్ల తెలుసు?"

"దీని వీపు బూడిదైనప్పుడు పుష్పమ్మనడిగితే చెప్పింది. అప్పుడే తెలుసు. నువ్వే చెప్తవని సూసిన."

ఆమె ముఖం భూతద్దం వెనక దాచుకుంది. ఐసు కట్టని రోజులు ఉన్నవి ఉన్నట్టు చెప్పి ఉంటే ఫెయిర్‌లో ఆ టేబుల్ ముందు అందరూ నిలబడిపోయేవారు. ఎంత అనవసరంగా కాటుక పూసిందో తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోయినట్టయింది.

జనవరిలో కాలేజీ సెమినార్ హాల్లో ఆ వెంట్రుకలను మైక్రోస్కోప్ కింద పెట్టారు. గోవర్ధన్ వివరించాడు. ఐసు ఎందుకు ఆగిందో, కాటుక ఎవరు పూశారో స్వరూప చెప్పింది. హాలు నవ్వింది. ఆమె నవ్వు అయిపోయేదాకా నిలబడి, ఆ తర్వాత మిగతాది చెప్పింది. ట్రైనింగ్‌కు గోవర్ధన్ పేరు మళ్ళీ వెళ్ళింది.

ఆ సాయంత్రం బస్టాండులో ఆమే అడిగింది. "మీ నాయిన ఎక్కడున్నరు?"

"మఠంపల్లి దిక్కు, కృష్ణ ఒడ్డుకు మందను తోలుకపోయిండు. ఎందుకు?"

"ఆయనకు చెప్పాలె."

"నాయినకు ఆ ముచ్చటే తెల్వదు. నేను చెప్పలే."

"తెల్వకపోతే నేను చేసింది తప్పు కాకుంట పోతదా?"

ఆదివారం ఇద్దరూ బస్సులో వెళ్ళారు. కోత కోసిన పొలంలో మంద ఉంది. గోవర్ధన్ తండ్రి రామనర్సయ్య గొంగడి భుజాన వేసుకుని గట్టు మీద కూర్చున్నాడు. స్వరూప చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పింది. జడ్జి మాటను కూడా ఉన్నదున్నట్టు చెప్పింది.

రామనర్సయ్య మంద వైపు చేయి చూపాడు.

"మేం రంగు పూసేది మా జీవాలు మాకు గుర్తువట్టేటందుకు బిడ్డా. మంది కండ్లు గప్పేటందుకు గాదు."

"తెలిసింది," అంది స్వరూప. తల పైకెత్తలేకపోయింది.

"ఇంత దూరం వచ్చి చెప్పినవ్. గది సాలు. కూసో."

ఆయన మంద చుట్టూ తిరిగి రావడానికి లేచాడు. గట్టు మీద ఇద్దరే మిగిలారు. నది వైపు నుంచి గాలి వీస్తోంది.

"కోపం పోయిందా?" అంది ఆమె.

"సగం."

"మిగతాది పోయేదాక ఆగి చెప్దామనుకున్న. గని ఆగుడు నాకు మంచిగ రాదు. గోవర్ధన్, నువ్వంటే నాకిష్టం. సిగ్గుతోనే చెప్తున్న."

అతను జరిగి ఆమె పక్కన కూర్చున్నాడు. "వాన పడ్డ రోజు చెప్తవనుకున్న," అన్నాడు. "నేను గూడ చెప్పలే. అది నా తప్పు."

ఆమె నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వడం వల్ల ముందు కన్నీళ్ళే వచ్చాయి.

మందకు అవతలి నుంచి రామనర్సయ్య కేకేశాడు. "ఒరేయ్, పొద్దు గూకక ముందే పిల్లను బస్సెక్కియ్యి. మళ్ళొచ్చేటప్పుడు వాళ్ళ నాయినను గూడ తోలుకరమ్మను. మాట్లాడేదున్నది."