మైనం పూలు

“నా కొడుకేడీ? చెప్పవేందే! నా కొడుకును ఏడికి తోలినవ్?”

కమలవ్వ కేకకు సంగీత ఉలిక్కిపడింది. బయట గాలి రాక్షసిలా అరుస్తోంది. మస్కట్‌ నగరం హమ్రియాలోని ఆ పాత మేడ మొదటి అంతస్తులో, కరెంటు పోయిన ఆ చిన్న గదిలో, కిటికీ అద్దాలు గడగడ వణుకుతున్నాయి. సంగీత చేతుల్లో ఫోను... నొక్కుతోంది, చెవి దగ్గర పెట్టుకుంటోంది, మళ్లీ నొక్కుతోంది. అవతల ఉలుకూ లేదు, పలుకూ లేదు. మధ్యాహ్నం అనగా బయల్దేరిన భర్త ఫోను మోగడం మానేసింది. కాసేపటికి ఎవరి ఫోనూ మోగలేదు. మస్కట్ మస్కటే మూగబోయినట్టయింది!

“వస్తడత్తా... అల్ ఖువైర్ల సఫియమ్మ ఇంట్లనే ఆగి ఉంటడు...”

“ఆగిండో, కొట్టుకపోయిండో! తుఫానొస్తుందని టీవీల మొత్తుకుంటుంటె కాయితం పూలు, కాయితం కార్డులు అంటివి! నా కొడుకు పానం కంటె నీ కాయితాలే ఎక్కువైనయానే?”

అత్త అన్న ప్రతి మాటా సంగీత గుండె అప్పటికే తనను తాను అంటున్న మాటే!

కాపురానికి వచ్చిన కొత్తలో కడుపు నిలవకపోయింది. అప్పటి నుంచి సంగీత పగలంతా గోడకేసి చూస్తూ కూర్చునేది. భర్త సురేందర్ కంపెనీ పికప్ బండి నడిపి అలిసిపోయి వచ్చినా, ఆమె ముఖం చూసి అన్నం మెతుకు ముట్టేవాడు కాదు. ఒకరోజు రువీ బజారు నుంచి రంగు కాగితాలు, కత్తెర, జిగురు తెచ్చి ఆమె ఒడిలో పోశాడు. “చిన్నప్పుడు బడిల రాకీలు చేసేదాన్నన్నవు గదా... ఏమన్న చెయ్యి సంగీతా. నువ్విట్ల కూసుంటె నాకు డ్యూటీల చెయ్యాడుతలేదు” అన్నాడు. ఆమె మొదట ఒక కార్డు చేసింది. బంగారు కాగితం అంచును జాలీలా చెక్కి, మధ్యలో చిన్న గులాబీ అంటించింది. తర్వాత ఈద్ కార్డులు, పెళ్లి కార్డులు, మిఠాయి పెట్టెలు. ఎర్రటి ముడతల కాగితాన్ని రేకులుగా కత్తిరించి, కత్తెర అంచుతో వంపు తిప్పి, కరిగిన మైనంలో ముంచితే నీటి బొట్టు కూడా అంటని గులాబీలు తయారయ్యేవి! అవి చూసే అల్ ఖువైర్ నుంచి సఫియా అనే ఒమానీ ఆవిడ వెతుక్కుంటూ వచ్చింది. కూతురి నిఖాకు కార్డులూ, పందిరి నిండా మైనం గులాబీలూ కావాలంది.

విజిట్ వీసా మీద వచ్చిన కమలవ్వకు మాత్రం ఆ పూలను చూస్తే ఒళ్లు మండేది. “ఇంట్ల పిల్లల ఏడుపు వినపడదుగని, కాయితం పూలు మాత్రం గంపలు గంపలు పుడుతున్నయ్!” అని ఈసడించేది. సంగీత తల వంచుకుని రేకులు కత్తిరించుకునేది.

ఆ మధ్యాహ్నం సురేందర్, “మబ్బు పట్టింది. సఫియమ్మ డబ్బాలు తుఫాను పోయినంక ఇద్దాం” అన్నాడు. కానీ సంగీత భయం సంగీతది. గదిలో నీళ్లు కారితే కార్డులు తడిసి ఇన్నాళ్ల కష్టం నీళ్లపాలవుతుంది! “ఇప్పుడే ఇచ్చి రాండ్రి, గంతే గదా” అని బతిమాలింది. తుఫాను వల్ల తను పనిచేసే బిల్డింగ్ సైట్ మూసేశారని అప్పుడే వచ్చిన ఇస్తారిని చూసి, “తమ్మీ, డబ్బాలు పట్టుకోను జర తోడు పోరాదు” అంది. ఇస్తారి వాళ్ల ఊరివాడే. సురేందర్‌ని అన్నా అని, ఆమెను వదినె అని నోరారా పిలిచేవాడు. “నువ్వు చెప్తె పోనా వదినె!” అని, ఆమె వడ్డించిన అన్నం తిని డబ్బాలు భుజానికెత్తుకున్నాడు...

తలుపు దబదబ మోగింది! సంగీత పరుగెత్తి తీసింది. సురేందర్ కాదు... కింది వాటా జాహిదా! చంకలో ఒక పిల్ల, చేతికి వేలాడుతూ ఇంకొక పిల్ల, మోకాళ్ల దాకా తడిసిన సల్వార్.

“సంగీతా! నీచే పూరా పానీ ఆగయా! ఇల్లంత నీళ్లే... పిల్లల్ని పెట్టుకో తల్లీ!”

“లోపటికి రా అక్కా, రా!” సంగీత పిల్లల్ని మంచం మీద కూర్చోబెట్టి దుప్పటి కప్పింది. బియ్యం డబ్బా కిందే ఉండిపోయిందని జాహిదా ఏడుస్తుంటే, కమలవ్వ కొంగు బిగించి ఆమెతోపాటు మెట్లు దిగింది.

జాహిదాతో తిరిగి వచ్చిన కమలవ్వ మారిపోయింది! ఒక్క తిట్టు లేదు, ఒక్క శాపం లేదు. ముఖం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. గ్లాసులో నీళ్లు పోసి సంగీతకు అందించి, “తాగు... పొద్దటి సంది ఏం ముట్టలె నువ్వు” అంది. ఆ మెత్తని మాట విని సంగీత గ్లాసును తాగకుండానే పక్కన పెట్టింది. అత్త తిడుతుంటే కాస్త ధైర్యంగా ఉండేది... ఈ ఆదరణ ఏమిటి?

ఊపిరాడక సంగీత బాల్కనీ తలుపు కొద్దిగా తెరిచింది. సందు కనిపించలేదు. సందు ఉండవలసిన చోట బురద నీళ్లు సుడులు తిరుగుతూ పరుగెడుతున్నాయి. సిలిండర్లు, కుర్చీలు, ఎవరిదో కారు తలుపు... వాటి నడుమ ఏదో ఎర్రగా! ఒకటి... మరొకటి... ఆ వెనుక గుంపులు గుంపులుగా! బురద నీళ్ల మీద చెక్కుచెదరకుండా, అప్పుడే విచ్చుకున్నట్టు తేలుతూ వస్తున్నాయి... మైనం గులాబీలు!

సంగీత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తను చేసిన పూలు తనకు తెలియవా? పై రేకు చివరను వెనక్కి మెలితిప్పడం ఆమె చేతి అలవాటు! అయితే బండి అల్ ఖువైర్ చేరనే లేదు. పైన వాదీ దగ్గరే... ఎప్పుడూ ఎండిపోయి, కార్లు తోలుకుపోయే ఆ వాగులోనే... భగవంతుడా!

ఆమె గబుక్కున తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడింది. అత్త చూడకూడదు! ఈ ముసలి ప్రాణం తట్టుకోలేదు!

“బయటికి రాకత్తా... గాలి జోరుగున్నది. ఏం లేదు బయట... ఏం లేదు...”

కమలవ్వ మెల్లగా లేచి వచ్చింది. కోడలి చెంపల మీద కారుతున్న కన్నీళ్లను అరచేత్తో తుడిచింది. తర్వాత నడుము దగ్గర చీర మడతలో చెయ్యి పెట్టి తీసింది. తడి తడిగా, ఎర్రగా... ఒక గులాబీ!

“నాకెరుకే బిడ్డా. మెట్ల కాడ తేలుకుంట వచ్చింది. నువ్వు చూస్తె నీ గుండె పగులుతదని... దాసిన.”

“అత్తా!!”

అత్తాకోడళ్లు ఒకరినొకరు కరుచుకుని నేల మీద కూలబడిపోయారు. “నేనే పంపిన అత్తా... నేనే మింగిన...” అని సంగీత తల బాదుకుంటుంటే, కమలవ్వ ఆ తలను రొమ్ముకు అదుముకుంది. “ఊకో! గా మాట ఇంకొకపారి అనకు. నేనన్న మాటలు గూడ మనసుల పెట్టుకోకు. భయం నా నోట్లెకెళ్లి అట్ల మాట్లాడింది బిడ్డా...” అంది. ఆ రాత్రి ఆ ఇద్దరూ చేతులు విడవలేదు.

తెల్లవారాక గాలి తగ్గింది. మెట్ల మీద అడుగుల చప్పుడు... ఈడ్చి ఈడ్చి వేస్తున్న అడుగులు! గుమ్మంలో సురేందర్! చొక్కా చిరిగిపోయింది, భుజం నుంచి మోచేతి దాకా నెత్తురు గడ్డకట్టింది. కానీ బతికే ఉన్నాడు! కమలవ్వ ఏడుస్తూ కొడుకు ముఖమంతా తడిమింది. సంగీత అతని కాళ్లను చుట్టుకుంది. అంతలోనే తలెత్తి అతని వెనుక చూసింది. మెట్లు ఖాళీగా ఉన్నాయి.

“ఇస్తారి ఏడీ?”

సురేందర్ గోడకు జారగిలబడ్డాడు. “వాదీల బండి ఆగిపోయింది. ఒక్కపారే నీళ్లు మీదికొచ్చినయ్... ఇద్దరం టాపు మీదికెక్కినం. ఒడ్డు మీదోళ్లు తాడు ఇసిరిండ్రు. ‘నువ్వు ముందు పోరా’ అన్న... వాడు వినలే. ‘వదినె ఎదురుచూస్తది, నువ్వు పో అన్నా’ అని నా నడుముకు వాడే కట్టిండు. నన్ను గుంజినంక, తాడు మల్ల ఇసిరేలోపల్నే... బండి తిరగబడ్డది సంగీతా!”

సంగీతకు ఏడుపు రాలేదు.

నీళ్లు తీశాక, సముద్రం వైపు ఇస్తారి శవమై దొరికాడు. ఫోన్లు పనిచేయగానే సురేందర్ ఊళ్లో వాళ్లకు కబురు చెప్పాడు. మరునాడు ఇస్తారి తల్లి శాంతవ్వ తనే మాట్లాడతానందట. సురేందర్ ఫోను స్పీకర్‌లో పెట్టాడు.

“సురేందరూ...” శాంతవ్వ గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. “నా కొడుకుది సైట్ పని గదా బిడ్డా... బండి పని కాదు గదా. గంత వానల బండెందుకెక్కిండు? వాన్ని ఎవరు తోలిండ్రు?”

సంగీత కళ్లు మూసుకుంది. అంతలో కమలవ్వ ఫోను లాక్కుంది.

“నేనే తోలిన శాంతా! నా కొడుక్కు తోడు పొమ్మని నేనే చెప్పిన. తిడితె నన్ను తిట్టు, శపిస్తె నన్ను శపించు!”

సంగీత అదిరిపడింది! కమలవ్వ, శాంతవ్వ వయసులో ఉన్నప్పటి నుంచీ ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టినవాళ్లు. ఎదురెదురు ఇళ్లు. వీసా అయిపోగానే అత్త ఆ వాడకే తిరిగి వెళ్లాలి... రోజూ పొద్దున్నే తలుపు తీస్తే ఆ గుమ్మమే చూడాలి! తెలిసి తెలిసి, కోడలి కోసం ఆ నిప్పును తన ఒడిలో పోసుకుంటోంది!

సంగీత అత్త చేతిలోంచి ఫోను తీసుకుంది. కమలవ్వ వద్దని తల అడ్డంగా ఊపింది, చెయ్యి పట్టి లాగింది. అయినా ఆగలేదు.

“అత్త అబద్ధమాడుతున్నదవ్వా... నేను సంగీతను. నేనే తోలిన. నా పూల డబ్బాలు మొయ్యనీకి నేనే పొమ్మన్న. ఆయన పానం నిలబెట్టి తను పోయిండు తమ్ముడు...”

ఏ శాపం వస్తుందో, ఏ మాట పిడుగులా పడుతుందోనని సంగీత ఫోనును రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

“బిడ్డా...” అంది చివరికి శాంతవ్వ. “వాడు... తినే పోయిండా?”

సంగీత గుండెలో గడ్డకట్టినదేదో ఒక్కసారిగా బద్దలైంది.

“తినే పోయిండవ్వా! కూసోబెట్టి నేనే పెట్టిన. పచ్చిపులుసు మల్ల మల్ల పోసుకోని తిన్నడు...”

“వానికి పచ్చిపులుసంటె పానం బిడ్డా...” అంటూ ఆ తల్లి భోరుమంది. ఇక్కడ సంగీత కూడా ఆగలేకపోయింది. కమలవ్వ కోడలిని ఒక చేత్తో పొదువుకుని, ఫోనుకు ముఖం దగ్గరగా పెట్టి, “ఏడువు శాంతా... ఏడువు... మేమిద్దరం ఈడనే ఉన్నం” అంటూ ఉండిపోయింది.