కాపీ చేయకూడని డిస్కు

బెర్నడీన్‌కి యంత్రాలంటే భయం లేదు. యంత్రాలకే బెర్నడీన్ అంటే భయం. ఆవిడ గుడ్లురిమి చూస్తే ఈరీ సరస్సు మీది మంచు జనవరిలోనే కరిగి పారిపోయేదని వీధి వీధంతా చెప్పుకునేది. అంతటి మనిషిని ఆ శీతాకాలం అరచేయంత డిస్కు ఒకటి ఏడిపించి మూల కూర్చోబెట్టింది.

అది ఓ పాత నలుపు తెలుపు సినిమా. విడుదలైన వారానికే తీసినవాళ్లు కూడా మరిచిపోయారు. అలాంటివాటిని కంపెనీ ముందే చేసి దుకాణాల్లో పెట్టదు. ఎవరైనా అడిగితే, పెనం మీంచి అట్టు తీసినట్టు అప్పటికప్పుడు ఒక్కటి చేసి పంపుతుంది.

ఆ సినిమాలో, హోటల్ సీనులో, వడ్డించే మనిషి వేషంలో వాళ్లమ్మ కనిపిస్తుందట. బెర్నడీన్ ఉయ్యాలలో ఉండగానే అమ్మ పోయింది. ఇల్లు తగలబడి ఫొటోలూ పోయాయి. అమ్మ ముఖం తెలిసిన మనిషి లోకంలో అక్క హెడ్విగ్ ఒక్కతే. ఆ అక్క కళ్లు మసకబారిపోతున్నాయి. వసంతం వచ్చేసరికి వెలుగు తప్ప ముఖాలు తెలియవని డాక్టరు చెప్పేశాడు.

"ఒక్కసారి అమ్మను చూపించవే. ఆ తర్వాత ఈ కళ్లు ఎటు పోతే అటు పోనీ," అంది హెడ్విగ్, వృద్ధాశ్రమం గదిలో మంచం మీంచి.

డిస్కు వచ్చింది. బెర్నడీన్ తన ప్లేయర్‌లో పెట్టింది. అది గరగరమని గొంతు సవరించుకుని, "డిస్కు లేదు" అని తెర మీద రాసింది.

"లేదా? మరి నీ నోట్లో పెట్టింది ఏమిటి, బిస్కత్తా?"

కంపెనీకి ఫోను చేసింది. అవతల వినిపించే పాట ఎంత సేపు సాగిందంటే, పట్టుకున్న ఫోను చెవికి అంటుకుపోయి చెంపలో భాగమైపోయింది. చివరికి ఓ అమ్మాయి పలికింది.

"మీ ప్లేయర్ రికార్డు కూడా చేస్తుందా, మేడమ్?"

"చేస్తుంది. అదీ తప్పేనా?"

"అందులో ఆడదు మేడమ్. ఎవరూ కాపీ తీయకుండా ఈ డిస్కుకి తాళం వేసి ఉంటుంది. ప్లే మాత్రమే చేసే మిషన్లోనే ఆడుతుంది."

"నా డబ్బు, నా డిస్కు, నా అమ్మ. మధ్యలో మీ తాళమేమిటే, తల్లీ?"

ఆ అమ్మాయి మళ్లీ పాట పెట్టేసింది.

పక్కింటి ఆర్విల్ దగ్గర ప్లే మాత్రమే చేసే ముసలి మిషను ఉంది. అతనికి పాడైన ప్రతి వస్తువూ దత్తపుత్రుడే. అందులో సినిమా ఆడింది! హోటల్ సీను వచ్చింది. హీరో చెంచా ఎత్తాడు... అక్కడే బొమ్మ బిగుసుకుపోయింది. చెంచా గాల్లో. సూప్ మీది ఆవిరి గాల్లో. దూరాన వంటగది తలుపు దగ్గర, తెల్ల ఏప్రను కట్టుకుని, ట్రే పట్టుకుని, అటు తిరిగి నిలబడిన ఒక ఆడమనిషి.

"అమ్మే!" అంది బెర్నడీన్. "తిరగవే తల్లీ, ఒక్కసారి తిరుగు."

తిరగలేదు. ఆర్విల్ డిస్కు తుడిచాడు, ఊదాడు, బతిమాలాడు, తిట్టాడు. లాభం లేదు. బెర్నడీన్ దాన్ని తిప్పి పంపి ఇంకొకటి చేయించింది.

కొత్తది వచ్చిన మధ్యాహ్నం బయట మంచు దట్టంగా పడుతోంది. నాలుగు కాకుండానే దీపాలు వేసుకున్నారు. హోటల్ సీను మళ్లీ అక్కడే బిగుసుకుంది. అదే చెంచా. అదే ఆవిరి. కానీ ట్రే పట్టుకున్న ఆవిడ...

తలుపు దగ్గర లేదు. హీరో బల్ల పక్కకి వచ్చేసింది. ఇటే తిరిగి ఉంది. తల మాత్రం వంచుకుంది. ఆవిడ భుజం వెనక ఏదో తెల్లటి మచ్చ.

"ఆర్విల్," గొంతు తగ్గించింది బెర్నడీన్. "మొన్న ఇక్కడ ఉందా?"

"వేరే చోట ఆగి ఉంటుందిలే."

"చెంచా అక్కడే ఆగిందిగా."

గదిలోకి ఉల్లిపాయ సూప్ వాసన వచ్చింది. వాళ్లిద్దరూ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

మామూలు మనిషయితే అక్కడితో ఆపేసేది. బెర్నడీన్‌కి మాత్రం భయం కంటే కోపం ముందొచ్చింది. అటు వసంతం తోసుకొచ్చేస్తోంది, ఇటు ఈ డిస్కు ముక్క మూలుగుతూ కూర్చుంది! "తాళం పగలగొట్టు. కాపీ తియ్యి. కాపీ అయితే ఆగకపోవచ్చు."

"డబ్బా మీద వద్దని రాసుందమ్మా, మహాతల్లీ."

"పరుపుల మీదా రాసుంటుంది, చీటీ చింపొద్దని. ఎవడు విన్నాడు?"

ఆర్విల్ తన పాత కంప్యూటరుకి పని చెప్పాడు. అది నూనెలో పడ్డ చేపలా చిటపటలాడుతూ, మూలుగుతూ, అంతలో సాధు జంతువులా ఊరుకుంది. కాపీ బయటికొచ్చింది. వెచ్చగా ఉంది. ఉండాల్సినదానికంటే ఎక్కువసేపు వెచ్చగా ఉంది.

మర్నాడు సాయంత్రం బెర్నడీన్ దాన్ని అక్క గదికి తీసుకెళ్లింది. కళ్లకి దగ్గరగా ఉంటుందని టీవీని మంచం అంచుదాకా లాగింది. తాను తలుపు వైపు వీపు పెట్టి కుర్చీ వేసుకుంది.

హోటల్ సీను వచ్చింది. హీరో చెంచా ఎత్తాడు.

చెంచా నోట్లోకి వెళ్లింది. సీను ఆగలేదు.

కానీ బల్ల పక్కన ఎవరూ లేరు. ట్రే పట్టుకున్న ఆవిడ ఉండాల్సిన చోట ఉత్త గోడ.

"చచ్చింది గొర్రె!" బెర్నడీన్ నెత్తి కొట్టుకుంది. "ఆ ఆర్విల్ చేతులు విరగ, అమ్మను కోసేశాడు!"

"కోసెయ్యడమేమిటే?" హెడ్విగ్ తెరకి ముక్కు ఆనించి నవ్వుతోంది. చెంపల మీద నీళ్లు. "అదిగో అమ్మ. గోడ దగ్గర. ఆ సన్నటి పిల్ల. అచ్చం అదే ముఖం."

బెర్నడీన్ వంగి చూసింది. నిజమే. ఉత్త గోడ కాదు. వడ్డించేవాళ్ల ఏప్రనుతోనే ఓ పడుచు పిల్ల గోడకి అతుక్కుని నిలబడి ఉంది. మొదటిసారి తాను తలుపు వైపే చూసింది, రెండోసారి ట్రే ఆవిడ అడ్డం వచ్చింది. భుజం వెనకాల కనిపించిన తెల్లటి మచ్చ ఆ పిల్ల అరచెయ్యి. చెయ్యి చాచి తమవైపే చూపిస్తోంది.

ఆగండి, ఆగండి అన్నట్టు.

"అక్కా..." బెర్నడీన్ తెరంతా వెతికింది. "మరి... ట్రే పట్టుకున్న ఆవిడ?"

హెడ్విగ్ తెర మీంచి కళ్లు తిప్పింది. మసక కళ్లు చికిలించి, చెల్లెలి భుజం మీదుగా చూసింది.

"ఆవిడా? ఇక్కడ పనిచేసే మనిషేమో అనుకున్నానే. నువ్వు వచ్చిన దగ్గర్నుంచీ నీ వెనకాలే నిలబడి ఉందిగా."

గదిలో ఉల్లిపాయ సూప్ వాసన.

బెర్నడీన్ చెవి పక్కగా ఒక చెంచా, నిండుగా, మెల్లగా ముందుకొచ్చింది. ఆవిరి కదలడం లేదు.