ఒళ్ళు చేసిన చిలక

పొద్దున్నే పొయ్యి కంటే ముందు ఇస్త్రీ పెట్టె వేడెక్కాలి. మడతమ్మ పద్ధతి అది. ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఇంటి ముందు గదిలోనే ఇస్త్రీ కొట్టు. చొక్కా మీద వెంట్రుకంత మడత కనబడినా ఆవిడ ప్రాణం ఒప్పుకోదు కాబట్టి మడతమ్మ అయింది.

కొట్టు కిటికీ పక్కన పంజరంలో ఒక చిలక. దాని పేరు బడాయి. పేరుకు తగ్గ పిట్టే. బట్టలకోసం వచ్చిన ప్రతివాళ్ళనీ "మడత పడింది! మడత పడింది!" అని దబాయించేది. ఒకసారి ఒక పెద్దమనిషి దాని మాట నమ్మి, కొత్త కోటు అక్కడే విప్పి వెనకా ముందూ తిప్పి చూసుకున్నాడు. ఆ సంగతి చెప్పుకుని వీధి వీధంతా ఎన్నాళ్ళు నవ్విందో. అంతటి వాగుడుకాయ కొన్నాళ్ళుగా నోరు కట్టేసుకుంది.

"చూశావట్రా, బడాయికి బుద్ధొచ్చింది" అంది మడతమ్మ, పనికి బయల్దేరుతున్న కొడుకుతో. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. "ఒళ్ళు కూడా చేసింది. బంతిలా ఎంత ముద్దుగా ఉందో!"

"నీ కేకలు వినలేక మౌనవ్రతం పట్టుంటుందమ్మా. ఆ అదృష్టం మాకు లేదు" అని నవ్వుతూ అతను బూట్లు తొడుక్కున్నాడు.

గది మూల బల్ల దగ్గర దుప్పట్లు మడతపెడుతున్న కోడలు తలెత్తింది.

"అది ఒళ్ళు చెయ్యలేదత్తయ్యా. ఈకలు ఉబ్బించుకుని కూచుంటోంది. పగలే కళ్ళు మూతలు పడుతున్నాయి. పక్షుల డాక్టరుకి చూపిద్దాం."

"దానికేం రోగమే? ఇందాక నా కళ్ళముందే గింజలు తింది."

"మీ కళ్ళముందే తింటుంది" అంది కోడలు. ఇంకేదో చెప్పబోయి, మళ్ళీ దుప్పటి అందుకుంది.

ఈ మధ్య ఆ పిల్ల మాట్లాడిందంటే అంతే, రెండు ముక్కలు. ఏడో నెలలో కడుపులో బిడ్డ పోయాడు. మగపిల్లవాడు. మొదట్లో గోడకేసి తిరిగి పడుకుని ఏడ్చేది. తరవాత లేచి స్నానం చేసి పనిలో పడింది. ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. గుర్తు చెయ్యకపోవడమే మేలనుకున్నారు. "నా కోడలు బంగారం. అంత దెబ్బ తగిలినా నోరెత్తదు. తేరుకుంది" అని మడతమ్మ వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది, కోడలు వింటుండగానే.

మధ్యాహ్నం చొక్కాల మూట విప్పుతూ మడతమ్మ పంజరంవైపు చూసింది. కొమ్మ మీద చిలక లేదు. అడుగున ఒక మూల ముద్దలా పడి ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగుతోంది.

"అయ్యో నా తల్లీ!" మడతమ్మ పరిగెత్తింది. ఒక చేత్తో చిలకను బయటకు తీసి, రెండో చేత్తో చెంచాడు నీళ్ళు దాని నోట్లో పొయ్యబోయింది.

కోడలు వచ్చి చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆ పిల్ల అత్తగారికి ఎదురు రావడం అదే మొదలు.

"పొయ్యొద్దు! ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇందాకే పక్షుల డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగాను. వెచ్చగా ఉంచి వెంటనే తెమ్మంది."

కంగారులో మనిషికి ఏం వాగుతున్నాడో తెలియదంటారు. తెలియకేం, తెలుస్తుంది. ఎదుటివాళ్ళకు ఎక్కడ తగులుతుందో నోటికి బాగా తెలుసు.

"నాకు చెప్పొచ్చావా! ప్రాణమున్నదేదైనా నీ దగ్గర నిలిచిందటే?"

కోడలు చెయ్యి వదిలేసింది. అట్టపెట్టె తెచ్చి పాత తువ్వాలు పరిచింది. వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి ఒక పక్కన పెట్టింది. చిలకను అందులో పడుకోబెట్టి, గాలికి కంతలు చేసిన మూత వేసి బయటకు నడిచింది. మడతమ్మ వెనకాలే వెళ్ళింది. పక్షుల ఆసుపత్రి నాలుగు వీధుల అవతలే. అంత దగ్గర.

డాక్టరమ్మ చిలకను మెల్లగా తీసి రొమ్ము తడిమింది. "ఇక్కడ వేలు పెట్టి చూడండమ్మా."

మడతమ్మ వేలు పెట్టింది. మెత్తటి ఈకల కింద ఎముక కత్తి అంచులా తగిలింది. కండ అన్నదే లేదు.

"బంతిలా ఉండేదండీ…"

"అవన్నీ ఈకలే. ఒంట్లో వేడి నిలవక ఉబ్బించుకుంటుంది. రెట్ట ఎలా ఉంటోంది?"

"నీళ్ళలా, ఆకుపచ్చగా" అంది కోడలు.

"పిట్టలు జబ్బు దాస్తాయి. బలహీనంగా కనబడితే ఎవరైనా మీద పడతారని వాటి భయం. మనం చూస్తుంటే గిన్నె దగ్గరకెళ్ళి తిన్నట్టు నటిస్తాయి. ఇక దాచలేనప్పుడే మనకు తెలుస్తుంది. ముందు గమనించింది నువ్వేనా? ఎలా పట్టుకున్నావు?"

కోడలు కాసేపు తువ్వాలు అంచు నలిపింది. "గింజ కొరికి కింద పడేస్తోంది. తిన్నట్టు కనబడితే ఇంకెవరూ ఏమీ అడగరు కదండీ."

మడతమ్మకు ఇందాక తన చేతిని పట్టుకున్న వేళ్ళు గుర్తొచ్చాయి. పుల్లల్లా, చల్లగా. కోడలి బట్టలు రోజూ తనే ఇస్త్రీ చేస్తుంది. జాకెట్లకు లోపలికి కొత్త కుట్లు పడ్డాయి. ఒకసారి కాదు, కుట్టు పక్కన మళ్ళీ కుట్టు. వాటి మీదే పెట్టె పెట్టి సాపుగా రుద్దింది. ఊరందరి మడతలూ పట్టే కళ్ళు, అవి ఎందుకు పడ్డాయని అడగలేదు. పళ్ళెంలో అన్నం కలిపి కలిపి ఒక పక్కకు తోసేయడం చూసింది. "తిన్నావా?" అనేది. "తిన్నానత్తయ్యా" అనేది ఆ పిల్ల. అక్కడితో సరి.

చిలకను వెచ్చటి గాజుపెట్టెలో పెట్టి, మందిచ్చి, ఆక్సిజన్ అందించారు. సాయంత్రం కాకముందే అది తల వాల్చేసింది.

"ముందే తెచ్చుంటే?" అడిగింది మడతమ్మ.

"చెప్పలేనమ్మా. కొంత ఆశ ఉండేది" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి మడతమ్మ కొట్టు తలుపు వేసేసింది. బయట ఎవరో బట్టలకోసం పిలిచినా పలకలేదు. అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూచున్న కోడలి ముందు నేలమీద చతికిలబడింది.

"నేనన్న మాట…"

"నేను రోజూ అనుకునేదే అత్తయ్యా. మీ నోట వినేసరికి నిజమైపోయింది."

"నిజం కాదే! నా నోరు పడిపోను, నిజం కాదు. నేను పాపిష్టిదాన్ని." గుడ్డ మీద మడతయితే నీళ్ళు చిలకరించి తీసెయ్యొచ్చు. ఇది కాలిన మచ్చ. ఆ సంగతి ఆవిడకంటే ఎవరికి తెలుసు? "ఇవాళ ఏం తిన్నావు? నాకోసం చెప్పకు. ఉన్నది చెప్పు."

"ఏమీ తినలేదు."

"నిన్న?"

కోడలు తల అడ్డంగా ఊపింది. తరవాత, నెలల తరబడి అడగని మాట అడిగింది. "వాడి చొక్కా ఎక్కడ పెట్టారత్తయ్యా? ఇల్లంతా వెతికాను. కనబడలేదు."

ఆ మాటతో పాటే ఏడుపు తన్నుకొచ్చింది. పైకి, వీధికి వినబడేంత పెద్దగా. ఊరుకోమనబోయి మడతమ్మ పెదవి కొరుక్కుంది. ఏడవనిచ్చింది. తనూ ఏడ్చింది. పని నుంచి వచ్చిన కొడుకు గుమ్మంలోనే నిలబడిపోయి, పంజరం చూసి, భార్యను చూసి, సంచీ జారవిడిచి వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

పుట్టబోయేవాడికని కుట్టించిన చొక్కా అది. కంట పడితే బాధపడుతుందని మడతమ్మే పై అరలో, పాత దుప్పట్ల వెనక దాచింది. బల్ల ఎక్కి తీసింది. అరచెయ్యంత చొక్కా. నలిగిపోయి, నిలువునా గట్టి మడత పడి ఉంది. అలవాటు కొద్దీ ఆవిడ చెయ్యి ఇస్త్రీ పెట్టె మీదకు పోయింది.

"వద్దత్తయ్యా" అంది కోడలు, రెండు చేతులూ చాపి. "అలాగే ఉండనివ్వండి."

మడతమ్మ ఇస్త్రీ పెట్టె పక్కకు జరిపేసింది. నలిగిన చొక్కాను నలిగినట్టే తెచ్చి, కోడలి చేతుల్లో పెట్టింది.