తెలియజేసినవారి సంతకం

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా నాకు మిగిలిన రెండు పళ్లూ ఇప్పుడే రాలిపోవాలి. పైదొకటి, కిందిదొకటి. చూడు బుల్లీ, తడుముకుని మరీ చెబుతున్నాను.

జనన మరణాలు రాసే ఆఫీసు ఉందే, దాని కిందున్న నేలమాళిగకు మంచి పేరు లేదు. పాత రిజిస్టర్లన్నీ అక్కడే. పగలు దిగినవాళ్లు దగ్గుకుంటూ పైకొస్తారు. చీకటిపడ్డాక దిగినవాళ్ల సంగతి వేరు... నల్లజుట్టుతో దిగినవాడొకడు తెల్లజుట్టుతో పైకొచ్చాడు. ఇంకొకడు నున్నటి గుండుతో వచ్చాడు — వాడిది పుట్టు బట్టతలేనని గిట్టనివాళ్లు అంటారులే.

అక్కడ దెయ్యం కనిపించదు. వినిపిస్తుంది. చివరి బీరువాల వెనక నుంచి — సర్ర్... ఆగుతుంది. మళ్లీ — సర్ర్... కాగితంలోంచి దారం లాగినట్టు. పోయినవాళ్ల పేర్లన్నీ ఎవరో కూర్చుని ఒక్కటిగా కుడుతున్నట్టు.

నిన్న రాత్రి అక్కడికి ఒంటరిగా దిగినవాడు గడియారాల మేస్త్రీ. నీ చేతి గడియారం బాగుచేస్తూ "మీ తాత ఎవరమ్మా?" అని అడిగాడన్నావు చూడు, ఆయనే.

ఆయన చేతులు గడియారాల్లో ఉంటాయి గానీ బుర్రంతా వంశాల్లోనే. కొట్టు గోడ నిండా వాళ్ల వంశవృక్షం అతికించాడు. పదకొండు తరాలు, నాలుగువందల గళ్లు. నాలుగువేలే అనుకో, నేను లెక్కపెట్టానా ఏమన్నానా. సరదాగా మొదలైన పని ముదిరి పాకాన పడింది. సొంతవాళ్లు చాలక ఊరివాళ్ల తాతల మీద పడ్డాడు. "మీ ముత్తాత జైల్లో పుట్టాడు, తెలుసా?" అని డాక్టరుతో పదిమందిలో అన్నాడు. అప్పట్నుంచి ఆ డాక్టరు టైము తెలియక చచ్చినా ఆ కొట్టు మెట్లెక్కడు.

ఒక్క గొప్ప మాత్రం ఒప్పుకోవాలి. రిజిస్టరు నంబరు, పేజీ నంబరు లేనిదే ఏ మనిషినీ తన గళ్లలో చావనివ్వడు. ఆ నియమం మీదే వంశవృక్షాన్ని పుస్తకంగా అచ్చు వేయిస్తున్నాడు. ఈ పొద్దున తొమ్మిదింటికి కాగితాలు అచ్చాఫీసుకి చేరాలి. అన్ని గళ్లూ నిండాయి. ఒక్కటి తప్ప.

అది వాళ్ల మేనత్తది. 

ఆవిడ పంతొమ్మిదో ఏట పుస్తకాలు కుట్టేవాడితో వెళ్లిపోయింది. మేస్త్రీ తండ్రి, అంటే ఆవిడ సొంత అన్న, "మా చెల్లెలు చచ్చింది" అన్నాడు. అందరూ కోపంలో అంటారు, తర్వాత మర్చిపోతారు. ఆయన మర్చిపోలేదు. పోయేముందు కొడుకుని పిలిచి, "దాని చావు రాయించాను. వెతికి పుస్తకంలో వెయ్యి. దాని పిల్లలెవరూ మన కొమ్మకు వేలాడకూడదు" అని చెప్పి మరీ కన్నుమూశాడు.

అదీ సంగతి. నంబరు దొరికితే మేనత్త పెళ్లికాకుండానే పోయినట్టు అచ్చవుతుంది. ఆవిడా లేదు, ఆవిడ కడుపున పుట్టినవాళ్లూ లేరు.

కాపలావాడికి — ఊరంతా నిద్రమొహం అని పిలుస్తారే, వాడికి — ఎప్పుడో ఆగిపోయిన గోడగడియారం ఊరికే నడిపించి ఇచ్చి, మేస్త్రీ తాళం తీయించుకున్నాడు.

"పొద్దున రావచ్చు కదా సార్?" అన్నాడట నిద్రమొహం.

"పొద్దున నలుగురూ చూస్తారు."

"రాత్రయితే ఒక్కటే చూస్తుంది సార్. అదే భయం."

మేస్త్రీ నవ్వి దిగాడు. ఒక చేతిలో టార్చిలైటు, చంకలో అట్టఫైలు. ఇరవై రెండు మెట్లు. ఒక్కో మెట్టుకీ చలి పెరిగింది. కింది మెట్టు దగ్గర నోట్లోంచి వచ్చిన ఆవిరి గడ్డకట్టి కింద పడి పగిలిందంటారు.

మేనత్త వెళ్లిపోయిన ఏడాదిది, ఏడో రిజిస్టరు దొరికింది. బల్ల మీద పెట్టాడు. కంటికి భూతద్దం బిగించుకుని పేజీలు తిప్పసాగాడు. నూట ఎనిమిది... నూట తొమ్మిది... నూట పది...

సర్ర్...

చెయ్యి ఆగింది. ఎలుకేమో అనుకున్నాడు. 

సర్ర్... ఎలుక అంత తీరుబడిగా లాగదు.

"ఎవరండీ?"

దెయ్యాన్ని అండీ అన్న మొదటి మనిషి వీడే. భయం ఎంత మర్యాద నేర్పుతుందో చూడు.

చీకట్లోంచి గుసగుస — "ఎవరి కోసం వచ్చావు?"

టార్చి వెలుగు బీరువాల మీద తూనీగలా ఎగిరింది. ఎవరూ లేరు.

"మా... మా మేనత్త కోసం."

"పోయిందా?"

"పోయింది."

"అయితే రాద్దాం. తెలియజేసినవాళ్లు సంతకం పెట్టాలి. నియమం తెలుసుగా? పెట్టు."

బీరువాల సందులోంచి ఒక కలం దొర్లుకుంటూ వచ్చి ఆయన చెప్పుకి తగిలి ఆగింది.

ఆయన వంగాడు. తీసుకున్నాడు. చెయ్యి ముందుకు రాదు. వందల గళ్లలో వందలమందిని చంపిన చెయ్యి... ఒక్క సంతకం దగ్గర కొయ్యబారింది.

"పెట్టవేం?"

"ఆవిడ..." కలం బల్ల మీద పెట్టేశాడు. "ఆవిడ బతికే ఉంది. రోజూ నా కొట్టు ముందునుంచే నడిచి వెళ్తుంది. నేనే చూడనట్టు తల దించుకుంటాను."

మళ్లీ దారం లాగిన చప్పుడు, ఈసారి చాలా దగ్గర్నుంచి.

"పేజీ తెరిచాక ఊరికే మూయకూడదు నాయనా. ఎవరో ఒకరి పేరు రాయాలి. నీది రాసుకోనా?"

అంతే. ఇరవై రెండు మెట్లూ మూడంగల్లో ఎక్కాడు. టార్చి, అట్టఫైలు, భూతద్దం, ఎడమకాలి చెప్పు అక్కడే వదిలేశాడు. నిద్రమొహం కుర్చీలోంచి లేచేలోపు వీధి చివర మలుపు తిరిగిపోయాడు. ఇప్పుడు నూట ఎనిమిది డిగ్రీల జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నాడు.

ఇదంతా నిద్రమొహం చెప్పాడనుకుంటున్నావు కదూ? వాడికేం తెలుసు, వాడు నిద్రపోతున్నాడు. వాడు చేసిందల్లా మేస్త్రీ వస్తున్నాడని నిన్న సాయంత్రమే నాకు కబురు చెప్పి, వెనక తలుపు తెరిచి ఉంచడం. 

అలా నోరు తెరిచి చూడకు, ఈగలు దూరతాయి.

మీ తాత ఆ ఆఫీసులో పుస్తకాలు కుట్టేవాడని తెలుసుగా. నేనూ ఆయన పక్కన ముప్పై ఏళ్లు కుట్టాను. పగలు పని తెమిలేది కాదు, రాత్రుళ్లు కూర్చునేవాళ్లం. ఆ సర్ర్ చప్పుడు మాదే. జనం దెయ్యమన్నారు. కాదనడం దేనికి? టీ అడగడానికి కూడా ఎవరూ దిగేవాళ్లు కాదు, పని త్వరగా అయ్యేది.

మేనత్తను నేనే. ఆ మేస్త్రీ నీకు మామయ్య వరస.

కానీ అసలు మాట ఇంకా చెప్పలేదు. వాడు పారిపోయాక పడీపడీ నవ్వాను. నవ్వి, కళ్లు తుడుచుకుని, వాడి టార్చితో ఆ రిజిస్టరు చూశాను. మా అన్న మాటకే గానీ, చేతకు అంత తెగించి ఉండడని ఇన్నేళ్లూ అనుకున్నాను. నూట పది. నూట పదకొండు. నూట పన్నెండు.

నా పేరు. వయసు పంతొమ్మిది. కారణం, జ్వరం. తెలియజేసినవారు... మా అన్న సంతకం. గుండ్రంగా, తీరిగ్గా, కింద గీత గీసి మరీ.

ఆ ఏడాది రిజిస్టరు కుట్టింది నేనే బుల్లీ. పెళ్లయిన కొత్తలో. మీ తాత దారానికి మైనం రాసి అందిస్తుంటే, నా చావును నేనే నాలుగు కుట్లు వేసి బిగించాను. కుట్టేవాళ్లు అంచులు చూస్తారు, అక్షరాలు చూడరు.

సూది కింద పెట్టేశాను. చేతిలో దారం కూడా లేదు. అప్పుడు చివరి బీరువా వెనక నుంచి — సర్ర్...

నేను లాగలేదు. ఈ రెండు పళ్ల మీద ఒట్టు. "చాల్లెండి, పడుకోండి" అన్నాను, బతికున్నప్పుడు మీ తాతతో అన్నట్టే. ఆగిపోయింది.

ఆ కాగితం చించేద్దామనుకున్నాను. కుట్టిన చేతికి విప్పడమెంత. కానీ చించలేదు. వాడికి నంబరు కావాలి కదా? ఇచ్చాను. అట్టఫైల్లో ఖాళీగా ఉన్న గడి నింపాను. కళ్లజోడు లేకుండా రాశాను, గీతలు వంకరపోయాయి.

"మరణం, పంతొమ్మిదో ఏట. ఏడో రిజిస్టరు, నూట పన్నెండో పేజీ. తెలియజేసింది, సొంత అన్న. మరణానంతరం పెళ్లి. సంతానం ముగ్గురు. మనవలు ఏడుగురు." కింద అందరి పేర్లూ ఉన్నాయి. నీది చివర.

ఒక్క అబద్ధం లేదు. అన్నిటికీ కాగితాలున్నాయి. వాడి నియమం వాడిదే. వాళ్ల నాన్న సంతకం ఎన్ని ప్రతులు వేస్తే అన్ని ఇళ్లకు వెళ్తుంది.

లే, ఎనిమిదిన్నరయింది. ఈ ఫైలు అచ్చాఫీసులో ఇచ్చిరా. దారిలో ఈ చెప్పు, ఈ భూతద్దం మామయ్య గుమ్మం ముందు పెట్టు, తలుపు కొట్టకు. అచ్చాఫీసువాళ్లు ఎవరు పంపారని అడిగితే తడబడకు. నూట పన్నెండో పేజీలో ఆవిడ పంపిందని చెప్పు.