చూడకుండా పెట్టిన సంతకం

ఆదివారం పొద్దున్నే లిఫ్టు మెకానిక్ వంటింటి బల్ల దగ్గర తనిఖీ కార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. రోజుకో భవనానికి వెళ్ళి, లిఫ్టు తాళ్ళు, బ్రేకులు, తలుపులు చూసి కార్డు మీద సంతకం చెయ్యడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళ అనుభవం కదా, రాబోయే ఆరు రోజుల కార్డులూ ఆదివారమే నింపేసుకుంటాడు. తీరిక దొరికితే వెళ్ళి చూస్తాడు. దొరక్కపోతే, నడిచే లిఫ్టుకి ఏమవుతుందిలే అనుకుంటాడు.

"సాయంత్రం అతన్ని రమ్మననా నాన్నా?" అంది కూతురు.

"ఎవర్ని, ఆ దొంగ సంతకం పెద్దమనిషినా?"

ఆమె చేసుకోవాలనుకుంటున్నవాడు ఆఫీసుల్లో మంటలార్పే సిలిండర్లు తనిఖీ చేస్తాడు. నిరుడు ఒకదానికి చూడకుండానే సంతకం పెట్టి, రెండ్రోజులు నిద్రపట్టక, తనే వెళ్ళి పైఅధికారికి చెప్పేశాడు. జీతం పెంపు ఆగిపోయింది. పోయిన వారం ఈ ఇంట్లో కూర్చుని ఆ సంగతీ తనే చెప్పాడు. అప్పట్నుంచి ఆయన ఆ సంబంధం మాటే ఎత్తనివ్వడం లేదు.

"ఒక్కసారే కదా నాన్నా. తనంతట తనే ఒప్పుకున్నాడు."

"ఒక్కసారి చాలదూ? మంటలంటుకున్నప్పుడు అది పనిచెయ్యకపోతే? జనం ప్రాణాలతో ఆటలాడేవాడికి నా బిడ్డనెలా ఇస్తాను?" అంటూనే ఆయన బుధవారం కార్డు పక్కనపెట్టి, గురువారానిది పూర్తిచేశాడు.

కూతురు వంగి చూసింది. "ఇది ఎక్కడిది?"

"పిల్లల ఆసుపత్రిది."

"బ్రేకులు బాగున్నాయని రాశావు."

"బాగుంటాయి."

"ఇవాళ ఆదివారం నాన్నా."

కలం ఆగింది. "నాది అనుభవం, వాడిది నిర్లక్ష్యం. రెంటినీ ఒక గాటన కట్టకు."

"కట్టనులే. అతను ఒప్పుకున్నాడు, నువ్వు ఒప్పుకోవు. ఒక గాటన ఎలా కడతాను?"

పొయ్యి దగ్గరున్న భార్య వెనక్కి తిరగకుండానే అంది. "మా అక్క మనవణ్ణి చూడ్డానికి ఆ ఆసుపత్రికే కదూ వెళ్ళాం. నా మోకాళ్ళ సంగతి తెలిసీ మీరు మూడంతస్తులూ మెట్లెక్కించారు. లిఫ్టుందిగా అంటే, నడక ఒంటికి మంచిదన్నారు."

ఆరోజు లిఫ్టు ముందు తన కాళ్ళెందుకు మెట్ల వైపు తిరిగాయో ఆయన ఇంతవరకూ తనని తను అడగలేదు. ఆ తలుపుల ముందు పసిపిల్లల్నెత్తుకుని నిలబడ్డ తల్లులు కళ్ళలో మెదిలారు. వాళ్ళకి ఏ మాటా చెప్పకుండా పక్కనుంచి వెళ్ళిపోయాడు తను.

ఆయన లేచి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. తను వచ్చి చూసేదాకా లిఫ్టు ఆపించమన్నాడు. తర్వాత పైఅధికారి నంబరు తీసి, నొక్కలేక అలాగే నిలబడిపోయాడు.

"అమ్మాయీ, ఆ అబ్బాయి వాళ్ళ ఆఫీసరుతో ముందుగా ఏమన్నాడట?"

"నాకు తెలీదు నాన్నా. నువ్వే అడుగు," అని కూతురు తన ఫోన్ కలిపి ఇచ్చింది.

అవతల్నుంచి "చెప్పండి సార్" అన్న గొంతు వినబడింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"సార్ అనకు బాబూ. నాకో సాయం కావాలి. తప్పు చేశానని పైవాళ్ళకి చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో కాస్త చెప్పు."