రోహిణి పంపిన శుభలేఖ

"ఏంది ఉదయ్ గారూ, నా ఫైలు మళ్ళ వెనక్కి పంపిన్రు?"

రోహిణి తలుపు కొట్టకుండానే ఫైనాన్స్ క్యాబిన్‌లోకి వచ్చేసింది. ఉదయ్ భాస్కర్ కళ్ళజోడు సర్దుకున్నాడు.

"చిన్న సందేహం ఉందండి. ఇప్పుడున్న ఫైర్‌వాల్ బాగానే పనిచేస్తోంది కదా, కొత్తది దేనికని..."

"మూసాపేటల మీ ఇంటికి తాళమెందుకు మరి? ఇన్నేండ్లల్ల దొంగలు రాలేదు గదా, తీసి పారెయ్యిన్రి."

"అది మా అమ్మ వేస్తుందండి."

హైటెక్ సిటీలోని ఆ కంపెనీ ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. లక్షలమంది జబ్బులూ, ఫోన్ నంబర్లూ దాని కంప్యూటర్లలో ఉన్నాయి. వాటికి కాపలా కాయడం రోహిణి ఉద్యోగం. కాపలాకు కావలసిన సామాను మాత్రం ఇవ్వరు. ఎండీ కామేశ్వరరావు గారు రిసెప్షన్‌లో గోడ మీంచి నీళ్ళు జారే అద్దం పెట్టించారు గానీ, నెట్‌వర్క్ భద్రత అనగానే "మనకి ఇంతవరకూ ఏమన్నా అయ్యిందా అమ్మా?" అంటారు. ఏమీ కాకుండా చూస్తున్నది ఆమేనని ఆయనకు తట్టదు.

ఉదయ్‌కి తట్టింది. అయినా ఆమె వచ్చినప్పుడల్లా ఒక్క సందేహమే అడిగేవాడు. అన్నీ ఒకేసారి అడిగేస్తే ఆమె మళ్ళీ రాదు కదా!

"శుక్రవారం మీటింగ్‌ల ఇది పాస్ గాకపోతే నేను రిజైన్ చేస్తున్న," అంది రోహిణి. "రేపు డేటా పోతే అందరు నన్నే అంటరు. ఎందుకు నాకీ పరేషాన్?"

ఉదయ్‌కి తరువాతి సందేహం గుర్తుకు రాలేదు.

గురువారం పొద్దున్నే కంపెనీలో అందరికీ ఒక మెయిల్ వచ్చింది. 'రోహిణి పెళ్ళి. శుభలేఖ చూడటానికి ఇక్కడ నొక్కండి.' నొక్కితే ఆఫీసు పాస్‌వర్డ్ అడుగుతుంది. అది కొడితే పెళ్ళి కొబ్బరిబొండాం బొమ్మ ఒకటి గిర్రున తిరుగుతూనే ఉంటుంది, అంతకుమించి ఏమీ రాదు. నెట్‌లో దొంగలు ఎలా బుట్టలో వేస్తారో పెద్దలకు చూపించాలని రోహిణి పెట్టిన పరీక్ష అది. ఆ సంగతి ఆమెకూ, అనుమతిచ్చిన హెచ్‌ఆర్ స్వప్నకూ తప్ప ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరూ రోహిణి చుట్టూ చేరారు. కార్డు ఎందుకు తెరుచుకోలేదన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. అబ్బాయిది ఏ కంపెనీ అన్న అనుమానం మాత్రం అందరికీ వచ్చింది.

సాయంత్రం వాన దంచికొట్టింది. హైటెక్ సిటీలో వాన పడితే ఎవరూ ఎక్కడికీ కదలలేరు. ప్రేమకథలకు అదొక సౌకర్యం. ఆఫీసు మెట్ల మీద ఉదయ్ ఆమె పక్కనే నిలబడ్డాడు.

"అభినందనలండి," అన్నాడు వానతో చెబుతున్నట్టు.

"కార్డు చూసిన్రా?"

"చూస్తానండి."

"అంతేనా? ఇంకేం అడుగరా?"

"అడగడానికేం లేదండి."

గొడుగు ఆమె చేతిలో పెట్టి, తడుస్తూ మెట్రో వైపు వెళ్ళిపోయాడు. నిజం చెప్పేద్దామని రోహిణి నోరు తెరిచింది. పరీక్ష పాడవుతుందని మూసుకుంది.

శుక్రవారం మీటింగ్‌లో అసలు సంగతి బయటపెట్టింది.

"అది పరీక్ష సార్. నాకు పెండ్లి లేదు, ఏం లేదు. ఒక్కరు తప్ప అందరు నొక్కిన్రు, పాస్‌వర్డ్ ఇచ్చిన్రు. మీరైతే రెండుసార్లు కొట్టిన్రు."

"ఆఫీసుది పనిచెయ్యలేదమ్మా," అన్నారు కామేశ్వరరావు గారు. "అందుకని బ్యాంకుది కొట్టి చూశాను."

ఎవరూ నవ్వలేదు. జీతాలిచ్చేది ఆయనే. మూల కుర్చీలో ఉదయ్ ఒక్కడే, దేనికోగానీ, ముఖమంతా నవ్వు చేసుకుని కూర్చున్నాడు.

"నొక్కనిది ఒక్క ఉదయ్ గారే," అంది రోహిణి.

ఎండీ బల్ల చరిచారు. "చూశావా! మనిషి జాగ్రత్తగా ఉంటే ఏ ఖర్చూ అక్కర్లేదు. అందరికీ ఇతని చేత క్లాసులు చెప్పించండి. నీ ఫైర్‌వాల్ సంగతి వచ్చే ఏడాది చూద్దాంలే."

చప్పట్లు మోగాయి. రోహిణి ల్యాప్‌టాప్ మూసింది.

ఉదయ్ లేచాడు. "నాది జాగ్రత్త కాదండి."

"మరేంటయ్యా?"

"ఆ మెయిల్ నిజమనే నమ్మాను సార్. నొక్కితే పెళ్ళికొడుకు పేరు కనపడుతుందని... నొక్కలేకపోయాను."

స్వప్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అంచేత కంపెనీలో అందరూ నాలా ఉండాలంటే, అందరూ రోహిణి గారిని ప్రేమించాలండి. అది నాకిష్టం లేదు. ఫైర్‌వాల్ కొనేద్దాం సార్."

లక్షలమంది రోగుల మాట వచ్చినప్పుడు కదలని కామేశ్వరరావు గారికి ఇప్పుడు తన బ్యాంకు ఖాతా గుర్తొచ్చింది కాబోలు, అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

బయట వరండాలో రోహిణి అతన్ని ఆపింది. "అందరి ముంగట చెప్పిన్రు. నాకొక్కదానికి చెప్పనీకి ఏమైంది?"

"వాళ్ళకి చెప్పడం సులువండి. మీరంటే భయం."

ఇంతలో ఆమె ఫోన్ మోగింది. మదీనాగూడ నుంచి తల్లి కనకలక్ష్మి గొంతు ఉదయ్‌కి కూడా వినిపించింది. "ఏందే, నీకు పెండ్లంట? మీ ఆఫీసుల జేసే మన గల్లీ సందీప్ చెప్పిండు. కన్నోళ్ళకు తెల్వకుండ పెండ్లేందే?"

"పెండ్లి అబద్ధమే అమ్మా."

రోహిణి ఉదయ్‌ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

"పిలగాడు మాత్రం నిజమే."