మేస్త్రి ఇచ్చిన శాంపిల్

మూడేళ్లు ఒకే వేషంలో బతికినవాడు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరిగా చావాలి?

తలుపుకు బయటినుంచి గడియ పడిన చప్పుడు వినగానే ఏజెంట్ తొమ్మిది తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది.

కాగితం మిల్లులో అందరికీ అతను ఈస్ట్ మేస్త్రి. కలప ఉడికించగా మిగిలే గోధుమరంగు వ్యర్థద్రవంలో కాస్త చక్కెర ఉంటుంది, బోలెడు విషమూ ఉంటుంది. ఆ విషాన్ని ఓర్చుకుని, చక్కెరను జైలిటాల్ అనే తీపిపొడిగా మార్చే ఈస్ట్ అనే సూక్ష్మజీవిని అతను కంటికి రెప్పలా సాకాడు. అది విదేశీ ముఠాకు చిక్కితే మిల్లు ఏడాది తిరక్కుండా మూతపడుతుంది. దాన్ని కాపాడటమే మిషన్.

"కర్రలో తీపి ఉందా?" మిల్లు తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ మేడమ్ నవ్వుతూ కోడ్ పలికింది. హెడ్‌క్వార్టర్స్ ఆదేశాలు ఇన్నాళ్లూ ఆమె ద్వారానే అందాయి. ఇప్పుడామె తెల్లకోటు జేబులోంచి పిస్టల్ బయటికొచ్చింది. లిప్‌స్టిక్ మాత్రం చెదరలేదు.

"ఉంది. నాలుకకే తెలీదు," అన్నాడు అలవాటుగా. "ఎప్పుడు అమ్ముడుపోయారు మేడమ్?"

"మొదట్నుంచీ ముఠా మనిషినే. బయట గడియ వేసిందీ మావాళ్లే. మొహం వేలాడెయ్యకు మేస్త్రీ, ఫ్లాస్కు నింపు. నువ్వూ మాతో వస్తున్నావు. బిడ్డని తీసుకెళ్లి తల్లిని వదిలేస్తామా?"

గదికి కిటికీ లేదు. పక్క హాల్లో యంత్రాల రొద. అరిచినా వినే నాథుడు లేడు.

ట్యాంకు అడుగున ఉన్న శాంపిల్ గొట్టంలోకి అతను స్టీమ్ వదిలాడు. బయటి క్రిములు చావాలంటే అది తప్పదు. తర్వాత స్టీమ్ కట్టేసి, గొట్టం చల్లారేదాకా ఆగాలి. లేకపోతే ఫ్లాస్కు చేరేలోపే ఈస్ట్ ఉడికిపోతుంది. చెయ్యి స్టీమ్ వాల్వ్ మీదికి వెళ్లింది.

"ఏంటా నిలబడ్డం? కుళాయి తిప్పు."

"పది నిమిషాలు ఆగాలి మేడమ్."

"నాకా కథలు? మీవాళ్లు వచ్చేదాకా సాగదీద్దామనా? మూడు లెక్కపెడతా. ఒకటి..."

అతను చెప్పింది నిజం. ఎందుకాగాలో ఇంకొక్క మాట చెబితే ఆమె నమ్మేది, ఈస్ట్ బతికి వాళ్లకు చిక్కేది, బహుశా తనూ బతికేవాడు. చెప్పకపోతే వాళ్లకు దక్కేది చచ్చిన ఈస్టే, ట్యాంకులోది మిల్లుకు పదిలం. ఫ్లాస్కు తెరిచిన రోజు తన మెడ మాత్రం పదిలం కాదు.

"రెండు..."

అతనిలోని ఏజెంటూ మేస్త్రీ మొదటిసారి ఒకే మాట మీదికి వచ్చారు. అతను వాల్వ్ మీద నుంచి చెయ్యి తీసి, స్టీమ్ కట్టకుండానే కుళాయి తిప్పాడు.

రెండు గోడల ఫ్లాస్కు పైకి చల్లగానే ఉంది. మూత బిగించి ఆమె చేతికిచ్చి, పిస్టల్‌కు ముందు నడిచాడు.

"దారిలో మూత తియ్యకండి మేడమ్. బిడ్డకి జలుబు చేస్తుంది."